పాపిట వెడల్పయ్యాక

(మహిళా ఆరోగ్య కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద మాట్లాడమంటే రక్తహీనత గురించో, గర్భసంచి ఆపరేషన్ల గురించో మాట్లాడతాననుకుని ఉంటారు. వాటి దగ్గరికే వస్తాను, కాకపోతే జుట్టు మీదుగా వస్తాను. నవ్వకండి. ఈ హాల్లో నలభై దాటినవాళ్ళం చాలామందిమే ఉన్నాం. ఎవరెవరు రంగేసుకుని వచ్చారో అడగను గానీ, నేను మాత్రం పదకొండేళ్ళు వేసుకున్నాను.

ముప్పై ఎనిమిదో ఏట మొదలుపెట్టాను. అప్పుడు పనిచేసే చోట, కొత్త ప్రాజెక్టుకి "కాస్త చురుగ్గా కనిపించేవాళ్ళని" పంపుదామన్నారు. నా పక్కన కూర్చునే ఆయనకి తల సగం నెరిసింది. ఆయన్ని అనుభవజ్ఞుడన్నారు. నాకు చెవుల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు కనిపిస్తే "మేడమ్, ఒంట్లో బాగుండటం లేదా?" అని అడిగారు. ఆ సాయంత్రమే కిరాణా కొట్లో పొట్లం కొన్నాను. స్త్రీవాదం మీద క్లాసులు చెప్పేదాన్ని, సిగ్గుపడుతూనే కొన్నాను.

ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు. ఒక రాత్రి చెవుల వెనక దురద మొదలై, తెల్లారేసరికి కళ్ళు మూసుకుపోయేంత వాచాయి. డాక్టరమ్మ చూడగానే "రంగేసుకున్నావా?" అంది. ఈ నల్లరంగుల్లో ఎక్కువగా వాడేది పారాఫినైలిన్‌డయమిన్, పి.పి.డి. అంటారు. ఏళ్ళ తరబడి పడినది ఒక్కరోజులో పడకుండా పోవచ్చు. ఒకసారి పడకపోతే ఇక ఎప్పటికీ పడదు. అందుకే ప్రతిసారీ చెవి వెనకో, మోచేతి మడతలోనో కాస్త రాసి రెండు రోజులు చూడాలి. ఈ సంగతి, కనుబొమలకి వాడితే చూపు పోవచ్చన్న సంగతి పొట్లం మీద ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషలో రాయాలని మన దేశపు కాస్మెటిక్స్ నిబంధనలు చెబుతున్నాయి. నా పొట్లం మీద తెలుగు ఒక్క ముక్క లేదు. ఉన్న ఇంగ్లీషు కూడా చీమ తలకాయంత. చదువుకున్న నేనే చదవలేదు. మా సంఘం ఆడవాళ్ళు ఎలా చదువుతారు?

బరువైన మాట ఒకటి చెప్పాలి. ఈ రంగు తాగి ఆసుపత్రికి వచ్చిన వాళ్ళ గురించి మన ప్రాంతపు డాక్టర్లు చాలా ఏళ్ళుగా వైద్యపత్రికల్లో రాస్తున్నారు. వాళ్ళలో ఎక్కువమంది వయసులో ఉన్న ఆడపిల్లలు. దీనికి విరుగుడు మందు లేదు. గొంతు వాచి ఊపిరాడదు, ఆ తర్వాత కండరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. వెంటనే ఊపిరికి దారి చేయగలిగిన పెద్దాసుపత్రికి చేరిస్తే బతికే అవకాశం ఉంటుంది. ఇంటి దగ్గర వాంతులు చేయించడానికి ప్రయత్నిస్తూ టైం పోగొట్టకండి. గృహహింస కేసులు చూసేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

సరే, నేను గోరింటాకుకి మారాను. గోరింటాకు ఒక్కటే తెల్లజుట్టుని నల్లగా చేయదు, ఎర్రగా చేస్తుంది. నలుపు కావాలంటే రెండు పూటల పని. పొడిని గోరువెచ్చని నీళ్ళల్లో, కాస్త నిమ్మరసంతో రాత్రి నానబెట్టి, పొద్దున్న నూనె లేని జుట్టుకి పట్టించి రెండు మూడు గంటలుంచాలి. కడిగి ఆరాక నీలి ఆకు పొడి. దీన్ని మాత్రం నానబెట్టకూడదు, కలిపిన వెంటనే పెట్టేసుకోవాలి, గంటన్నర చాలు. మొదట పచ్చగా కనిపించి భయపెడుతుంది. గాలి తగిలి ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. ఒకప్పుడు కడప ప్రాంతం నుంచి ఓడలెక్కిన నీలిమందు ఈ ఆకుదే. 1897లో జర్మనీ వాళ్ళ కృత్రిమ నీలి బజారుకొచ్చాక ఆ సాగు కుప్పకూలింది.

జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది కనక నెల తిరక్కుండా కుదుళ్ళ దగ్గర తెలుపు మళ్ళీ హాజరు. "అరగంటలో నల్లబడే హెర్బల్ మెహందీ" అంటే నమ్మకండి. అరగంటలో నలుపిచ్చే గోరింటాకు లేదు, అందులో కలిసింది చాలాసార్లు ఆ పి.పి.డి.యే. సహజమైనదైనా అందరికీ పడుతుందని కాదు. జి6పిడి లోపం ఉన్న పసిపిల్లలకి గోరింటాకు ప్రమాదం.

ఇక పలచబడటం. మా వీధిలోకి జుట్టు కొనే అతను వస్తాడు. దువ్వెనకి వచ్చిన చిక్కుజుట్టు దాచి ఇస్తే స్టీలు సామాను ఇస్తాడు. రెండేళ్ళ కిందట నా ఉండ చూసి "ఈసారి పెద్ద గిన్నె వస్తుందమ్మా" అన్నాడు. గిన్నె తీసుకుని లోపలికొచ్చి అద్దంలో చూసుకుంటే పాపిట వేలెడు వెడల్పుంది. రోజుకి యాభై నుంచి వంద దాకా రాలడం మామూలే. నాది అది కాదు. డాక్టరుకి చెబితే, "ఈ వయసులో అంతే, మీవారేమైనా అన్నారా?" అన్నాడు. మావారి సంగతి తర్వాత, నా రక్తం చూడమన్నాను. అడిగి అడిగి రాయించుకున్నాను. థైరాయిడ్ బాగుంది, ఇనుము నిల్వలు అడుగంటాయి. అప్పటికి ఏడాదిన్నరగా ముట్టు విపరీతంగా అవుతోంది. దాన్ని కూడా వయసనే అనుకున్నాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత ఉంది. 2015-16 సర్వేలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్ళకే ముట్లుడిగిన ఒళ్ళవుతుంది. జుట్టు, ఎముకలు, నిద్ర అన్నీ ఆ దెబ్బ తింటాయి. ఆమె వచ్చి "అక్కా, జుట్టూడిపోతోంది" అంటే నూనె పేరు చెప్పకండి. ఆపరేషన్ ఎప్పుడైంది, ఏమేం తీశారు, కాగితాలున్నాయా అని అడగండి.

ఆరు నెలలు ఇనుము మాత్రలు వాడాక నాకు రాలడం తగ్గింది. పాపిట మాత్రం మునుపటంత సన్నం కాలేదు. వంశపారంపర్యంగా పలచబడే జుట్టుకి ఏ నూనే పనిచేయదు. మినాక్సిడిల్ అనే మందుంది, డాక్టరుని అడిగి వాడాలి, మానేస్తే మళ్ళీ మొదటికే. నేను వద్దనుకున్నాను. గోరింటాకు కూడా ఇప్పుడు పండగలకే.

పక్క బల్ల మీద మన మండలాల కొట్లల్లో కొన్న పొట్లాలు పెట్టాను. టీ తాగేటప్పుడు చూడండి. తెలుగులో హెచ్చరిక ఉన్నవి ఎడమవైపు, లేనివి కుడివైపు పెట్టండి. కుడివైపువి డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి పంపే అర్జీ రాసి తెచ్చాను, సంతకాలు కావాలి. అక్షరాలు కనిపించనివాళ్ళకి భూతద్దం నా సంచిలో ఉంది.