యంత్రసమ్మెటయా, ఒత్తిడియంత్రమా?

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మేము జీవితమంతయు పాఠశాలలో శబ్దములను, ధాతువులను బోధించినవారము. కొలిమిపనిని గూర్చి మాటలాడుటకు మాకు గల యర్హత స్వల్పము. అయినను మా బాల్యమున మా తండ్రిగారు దాగలిపై చిన్నసుత్తెతో చోటు చూపుచుండగా, మా యన్నగారు సమ్మెట వేయుచుండిరి; మా తల్లిగారు తిత్తి లాగుచుండిరి. నేడు చోటు చూపగలవా రున్నారు, సమ్మెట వేయువారు లేరు. అందుచేతనే పెక్కు కొలుము లారిపోవుచున్నవి.

ఇటీవల మా బంధువులగు నిద్దరు యువకులు కత్తులపనిని వృద్ధి చేయదలచి మాయొద్దకు వచ్చిరి. ఒకడు యంత్రసమ్మెట, అనగా పవర్ హామరు, కొనవలె ననెను. రెండవవాడు హైడ్రాలిక్ ప్రెస్సు కొనవలె ననెను. తల్లి నగలు కుదువబెట్టినను ఒక్క యంత్రమునకే ధనము చాలును. తప్పుగ నెన్నుకొనినచో నగలును పోవును, పనియు సాగదు.

ఇనుపసమ్మెటకు సంస్కృతమున ‘అయోఘన’ మని పేరు. కొట్టుట యర్థముగా గల హన్ ధాతువునుండి యాశబ్దము పుట్టినది. ప్రెస్సు చేయునది పీడనము. నిర్ణయమునకు మూల మీ భేదమునందే కలదు. ద్రవపు టొత్తిడిచే పనిచేయు యంత్రమునకు బ్రామా 1795లోను, ఆవిరిసమ్మెటకు నాస్మిత్తు 1842లోను ఆంగ్లదేశమున పేటెంట్లు పొందిరి. నే డారెండు తెగల యంత్రములును చిన్నకొలిమికి తగిన పరిమాణమున లభించుచున్నవి.

సమ్మెటదెబ్బ క్షణమాత్రము. నిమిషమునకు 200 దెబ్బలు పడినను, కాలిన యినుము అచ్చులమధ్య నొత్తబడియుండు కాల మత్యల్పము. గనుక వేడి నిలుచును, పైపెచ్చులు రాలిపోవును. ప్రెస్సు మెల్లగా నదుమును. దాని బలము ఇనుము నడిమిదాక చొచ్చును. కాని యదిమినంతసేపును ఇనుపవేడిని అచ్చులు పీల్చుకొనును. మందమైన దిమ్మ కీనష్టము లెక్కలోనిది కాదు. పలుచని యలుగునకు గొప్ప యాటంకము.

కావున ఉక్కుపొరల నతికి అలలవంటి చారలు తెచ్చు డమస్కసు కత్తులవారికి ప్రెస్సు మేలు. 25 టన్నులది చాలును. లారీ కమానుపట్టీలతో కొడవండ్లు, వంటకత్తులు, కొబ్బరికత్తులు చేయు మనవారికి సమ్మెటయే మేలు. పట్టీ యిదివరకే బద్దగా నున్నది. అంచు పలుచగా సాగుటయే కావలసినది.

అయితే సమ్మెటకు లోతైన పునాది వలయును. దాని దాగలిబరువు పడుముద్ద బరువునకు 10 రెట్లకు తగ్గకుండుట మంచిది. అట్లయినను నేల యదరును. ఆ యువకుల కొలిమిగోడ కావల మంచము పట్టిన యొక వృద్ధురాలు కలదు. మ్రోత విషయమున మాకు స్వానుభవము కలదు; మా యన్నగారు చేతిసమ్మెట మ్రోతకే అరువదియేండ్లు రాకమున్నే చెవులు పోగొట్టుకొనిరి. యంత్రమువద్ద చెవులకు మూతలు తప్పనిసరి. ప్రెస్సు మ్రోత తక్కువ. కాని గొట్టము పగిలి కొలిమిపై నూనె చిమ్మినచో భగ్గుమనును. సులభముగ నంటుకొనని ద్రవమును, గొట్టములకు కవచమును అవసరము.

“మీ పనికి సమ్మెట, మీ వీధికి ప్రెస్సు” అని చెప్పితిమి. వారు మాటలేక యూరకుండిరి. ఈచిక్కు వారిద్దరిది మాత్రమే కాదు. ఇండ్లనడుమ కొలిమిగల ప్రతివానిదియు నిదియే. అప్పుచేసి, వీధికి సరిపడు యంత్రము కొని, పనికి సరిపడక దుఃఖించుట యేల? నాలుగిండ్లవారు కలిసి ఊరివెలుపల నొక పాక వేసికొని, ఒక్క యంత్రసమ్మెటను వంతులచొప్పున వాడుకొనుట యుత్తమము. పోషకమహాశయులు యంత్రమునకు ధన మీయ నక్కరలేదు. కొంత భూమి, పునాది, మూడుఫేజుల విద్యుత్తు సమకూర్చిన చాలును. యంత్రమును వారే కొనగలరు. అప్పు నలుగురిపై పడును గనుక ఎవరి నగలును కుదువకు పోవు.

నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రపు టుక్కును కొనుటకు పూర్వము పారశీక వర్తకులు వచ్చుచుండిరి. అట్టి యుక్కు వేడి మించినచో దెబ్బకు పొడియగును. ఎఱుపు చూచి వేడిని గుర్తించు కన్నే పనివాని మూలధనము. ఆకన్నును ఏయంత్రమును ఈయజాలదు.

మా తండ్రిగారి చిన్నసుత్తె నేటికిని మాయింట నున్నది. ఆపాకలో తొలి కొలిమి రాజినదినమున దాని నా యువకుల చేతి కిత్తుము. సమ్మెట వేయుటకు యంత్రము వచ్చును. చోటు చూపుట మాత్రము వారే నేర్వవలెను.

ఇట్లు విన్నవించి విరమించుచున్నాము.