గ్యాసే కదా అనుకోవద్దు

మన వార్షికోత్సవంలో, అదీ భోజనాలకు ముందు, కడుపులో గ్యాస్ గురించి మాట్లాడమన్నారు. నవ్వుకోండి, పరవాలేదు. ఈ బాధ ఎరగనివాళ్ళు చెయ్యెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు.

ముందుగా ఒక మాట. గ్యాస్ రోగం కాదు. ఆరోగ్యవంతుడికి కూడా రోజుకు 10 నుంచి 20 సార్లు పోవడం మామూలే. అది ఎక్కువైతేనే ఇబ్బంది.

అది వచ్చే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి, మనం మింగే గాలి. రంగరూటు రోజుల్లో విజిల్ పడేలోగా ప్లేటు ఖాళీ చేయడం నేర్చుకున్నాం. యూనిఫాం విప్పినా ఆ అలవాటు విప్పలేదు! గబగబా తిన్నా, సోడాలు తాగినా గాలి లోపలికి పోతుంది. నమిలి, నిదానంగా తినండి.

రెండోది, పెద్దపేగులో తయారయ్యేది. లంగరులో పెట్టిన రాజ్మా, శనగల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలున్నాయి. వాటిని అరిగించే ఎంజైము మన చిన్నపేగులో లేదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి గ్యాస్ చేస్తాయి. అమ్మలారా, గింజలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, వేరే నీళ్ళలో మెత్తగా ఉడికించండి. పెద్దయ్యాక పాలు పడనివాళ్ళు మనలో చాలామంది. పాలు మానేసి పెరుగు, మజ్జిగ వాడి చూడండి.

లేహ్‌లో పనిచేసినవాళ్ళకు ఇంకోటి తెలుసు. అక్కడ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. కింద కొన్న చిప్స్ ప్యాకెట్ అక్కడ బుడగలా ఉబ్బుతుంది కదా, మన పొట్టలో గాలీ అంతే.

ఇక అసలు సంగతి. నాతో పనిచేసిన ఒక సుబేదారు గారు రిటైరయ్యాక, ఓ తెల్లవారుజామున గుండెల మీద బరువు, ఒళ్ళంతా చెమట. "గ్యాసే, ఏం కాదు" అని సోడా తాగి పడుకున్నారు. మధ్యాహ్నానికి గాని ఆసుపత్రికి చేరలేదు. ప్రాణం దక్కింది, కానీ గుండె కండరం కొంత దెబ్బతింది. కొండలెక్కిన మనిషి ఈరోజు మేడ మెట్లెక్కలేరు.

అందుకే చెబుతున్నా. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమట, ఆయాసం... వీటిలో ఏది వచ్చినా గ్యాస్ అని మీరే తేల్చేసుకోవద్దు. షుగరున్నవాళ్ళకు నొప్పి తెలియకపోవచ్చు కూడా. వెంటనే 108కి గాని 112కి గాని ఫోన్ చేయండి. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఈసీహెచ్ఎస్ రిఫరల్ కోసం ఆగక్కర్లేదు, దగ్గరున్న ఆసుపత్రికి వెళ్ళండి. అలాగే బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనబడినా, నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగుతూ కూర్చోకుండా డాక్టరుకు చూపించుకోండి.

శత్రువు ఎవరో గుర్తుపట్టకుండా సెంట్రీ ఎవరినీ లోపలికి వదలడు. మన ఒంటి విషయంలోనూ ఆ కాపలా ఉండాలి.

పదండి, భోజనాలకు వేళయింది. ఈరోజు విజిల్ ఎవరూ వేయరు, నిదానంగా తినండి. జై హింద్!