లెన్సు పూర్తిగా తెరిస్తే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

నేను వెనక బెంచీ వాణ్ణని మా సైన్సు అయ్యవారికి బాగా గుర్తు. ఆత్మకూరులో ఫోటో స్టూడియో పెట్టుకుని బతుకుతున్నాను కాబట్టి, నాకొచ్చిన ఆ ఒక్క పాఠమే చెబుతాను.

లెన్సులోకి వెలుగు వచ్చే రంధ్రాన్ని అపర్చర్ అంటాం. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. ఎఫ్ 2.8 కన్నా ఎఫ్ 1.4 దగ్గర నాలుగు రెట్ల వెలుగు లోపలికొస్తుంది. ఏ.ఎస్.పేట దర్గా గంధ మహోత్సవం రాత్రి ఫ్లాష్ వెయ్యకుండా మొహాలు తీయగలిగానంటే దాని చలవే. 1975లో వచ్చిన ‘బారీ లిండన్’ సినిమాలో స్టాన్లీ కూబ్రిక్ కొన్ని దృశ్యాలను కొవ్వొత్తుల వెలుగులోనే తీశాడు. అందుకు నాసా కోసం జైస్ కంపెనీ చేసిన ఎఫ్ 0.7 లెన్సు వాడాడు. నటులు కాస్త ముందుకు వంగినా ఫోకస్ పోయేదట.

పగలు కూడా అలా తీయొచ్చు. మన ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఒకామెను మిట్టమధ్యాహ్నం తీశాను. ఆ ఎండకు ఐఎస్ఓ 100 పెట్టినా, ఎఫ్ 1.4కి సెకనులో పన్నెండు వేలో వంతు షట్టర్ కావాలి. నా కెమెరా ఎనిమిది వేల దగ్గరే ఆగుతుంది. అందుకని లెన్సుకు చలువ కళ్లద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టర్ తొడిగాను. చేతిలోని గరిటె, ఆకురాయి స్పష్టంగా వచ్చాయి. వెనకున్న దుర్గం కొండ పొగలా కరిగిపోయింది. ఆ ఫోటో చూసి అందరూ మెచ్చుకున్నారు, నాకు గర్వం పెరిగింది.

పదేళ్ల కిందట మన బ్యాచ్ కలుసుకున్న సాయంత్రం గ్రూప్ ఫోటో నేనే తీశాను. ఇంత డబ్బు పోసి కొన్నది మూసి వాడటానికా అనుకుని, ఎఫ్ 1.4లోనే నొక్కాను. ముందు వరుసలో కూర్చున్న అయ్యవార్ల మీద ఫోకస్ పెట్టాను. కెమెరా చిన్న తెరలో అంతా బాగానే కనబడింది. మన బడి గంట కొట్టిన తాత, ఎంత పిలిచినా ముందుకు రాకుండా, వెనక వరుస చివర నిలబడ్డాడు.

రెండేళ్లకు ఆయన పోయాడు. కొడుకు స్టూడియోకొచ్చి, “అన్నా, పటం కట్టించాల, నాయన ఫోటో ఒకటియ్యి. ఇంట్లో ఇంకోటి లేదు” అన్నాడు. పెద్దది చేసి చూస్తే కళ్లూ ముక్కూ తెలియని మసక. ఏ కంప్యూటరూ దాన్ని ఆయన మొహంగా మార్చలేకపోయింది. వట్టి చేతులతో పంపించాను.

లెక్క చిన్నదే. 50 ఎంఎం లెన్సుతో అయిదు మీటర్ల దూరాన ఎఫ్ 1.4 పెడితే, ఫోకస్‌కు వెనక అర మీటరు కూడా స్పష్టంగా రాదు. ఎఫ్ 8 పెడితే మూడున్నర నుంచి తొమ్మిది మీటర్ల దాకా వస్తుంది. పూర్తిగా తెరిచిన లెన్సు ఒక్కరిని చూపించడానికి మంచిది. పదిమందిలో ఎవరు మసకబారినా పర్వాలేదని మనం అనుకోకూడదు.

భోజనాలకు ముందు గ్రూప్ ఫోటో ఉంది. ఎఫ్ 8 పెట్టి, స్టాండు మీద తీస్తాను. వంట చేస్తున్న వాళ్లు, గేటు దగ్గరున్న వాచ్‌మన్ అన్న కూడా రావాలి. నేను పిలిచేదాకా ఎవరూ ఆకుల ముందు కూర్చోవద్దని మనవి. సెలవు.