గోళ్ళు చెప్పే కబురు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగ ముందు మన ఇళ్ళలో ఆడవాళ్ళు గోళ్ళకు గోరింటాకు పెట్టుకుంటారు. ఎర్రగా పండితే అందరం మురిసిపోతాం. కాని ఆ ఎరుపు కింద అసలు రంగేమిటో చూసేవాళ్ళెందరు?

ఆరోగ్యంగా ఉంటే గోరు కింద లేత గులాబి రంగు కనబడుతుంది. అది లోపలి రక్తం రంగు. రక్తం తగ్గితే గోరు పాలిపోవచ్చు. ఇనుము లోపం ముదిరితే కొందరిలో గోరు పలచబడి, చెంచాలాగా గుంటపడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అందరికీ వడ్డించి, మిగిలింది తినే తల్లులారా! ఆయాసం, నీరసం వస్తే పని ఎక్కువైందిలే అని ఊరుకోకండి. రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు, గర్భిణులకైతే 11కు తగ్గితే డాక్టరు సలహా పొందండి. భోజనం కాగానే టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

తెల్ల చుక్కలకు భయం వద్దు. అవి చాలావరకు చిన్న దెబ్బల గుర్తులే. అయితే వేళ్ళ చివరలు ఉబ్బి గోళ్ళు కిందికి వంగితే ఊపిరితిత్తులు, గుండె పరీక్షించాలి. ఒక్క గోరులోనే కొత్తగా నల్లచార వచ్చి వెడల్పవుతుంటే ఆలస్యం తగదు.

గోరు కబురే చెబుతుంది. జబ్బు తేల్చవలసింది డాక్టరే. ఈసారి గోరింటాకు పెట్టేముందు అమ్మ చెయ్యి ఒక్కసారి వెలుతురులో చూడండి.