కుటుంబ వైద్యుడు



నేను హైదరాబాదు నగరములోని జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతములందు చాల కాలముగా కుటుంబ వైద్యము చేయుచున్నవాడను. పల్లెలలోని పెద్దలకు ఈ కొండలమీది ముచ్చట యెందుకని మీరడుగవచ్చును. కారణము కలదు. మీ యూళ్ల బిడ్డలు అనేకు లిచ్చట పనిచేసి బ్రతుకుచున్నారు. మీలోను పలువురు పెద్ద జబ్బు వచ్చినపుడు ఇచ్చటి ఆసుపత్రులకే వచ్చి, చీటీల కట్టతోను మందుల సంచితోను ఊరు చేరుచున్నారు. ఆ కట్టను విప్పి, అన్నింటిని కలిపి చదివి, ఇది మీ సంగతి యని చెప్పువా రెవరు? నేటి నా ప్రసంగ మీ ప్రశ్ననుగూర్చియే.

ఈ ప్రాంత మొకప్పుడు రాళ్లగుట్ట. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసునుండి క్రమక్రమముగా తరలివచ్చుటతో దీని రూపు మారినది. అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణా స్టూడియో ఈ కొండల సీమలో 1976లో ప్రారంభమైనది. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు పిమ్మట వెలసినవి. 1988లో జూబిలీ హిల్స్‌నందు అపోలో ఆసుపత్రి వచ్చినది. కొండమీద నటుల మేడలున్నవి. దిగువనున్న కృష్ణానగర్ సందులలో దీపములు మోయువారు, చిన్న వేషములు వేయువారు, వంటవారు, వడ్రంగులు, దుస్తులు కుట్టువారు ఇరుకు గదులలో కాపురముందురు. మేడకును గదికిని నడుమ దూరము స్వల్పమే. వ్యాధి రెండిండ్లకును పోవును; అయినను ఒకే వ్యాధి ఈ యింట నొక రీతిగను, ఆ యింట మరియొక రీతిగను మనుష్యుని బాధించును. ఈ భేదమును కనిపెట్టుటయే కుటుంబ వైద్యుని మొదటి పని.

ఒక దృష్టాంతము చెప్పెదను. రోగుల పేరును ఊరును చెప్పుట వైద్యధర్మము కాదు గనుక వానిని విడిచెదను. ఏబది యేండ్లు దాటిన లైట్‌మాన్ ఒకడు నా యొద్దకు వచ్చెను. అతనికి మధుమేహము. రెండు పర్యాయములు పనిలో చెమటలు పట్టి స్పృహతప్పి పడిపోయెను. తోడివారు త్రాగి పడెనని తలచిరి. తలకు స్కానింగు తీసిరి, గుండెను పరీక్షించిరి. రెండును బాగుగనే యుండెను. “రాత్రి భోజన మెన్ని గంటలకు చేయుచున్నారు?” అని యడిగితిని. “మాత్ర ఎనిమిది గంటలకండి. అన్నము మాత్రము షూటింగులో విరామ మిచ్చినప్పుడే. ఒక్కొక్కనాడు పన్నెండగును” అని యతడు చెప్పెను. రోగమంతయు ఆ నాలుగు గంటల యెడములోనే యున్నది. మధుమేహమునకిచ్చు మాత్రలలో కొన్ని, వేసికొన్న పిమ్మట అన్నము తినకున్నచో, రక్తములోని చక్కెరను ప్రమాదకరముగా దించివేయును. మాత్ర మంచిదే; చీటీ వ్రాసినవారు వ్రాసినదియు సరియే. వేళకు భోజనము చేయువాని కది సరిపోవును. ఇతని పనికి వేళ లేదు.

మాత్రను మార్చితిని. జేబులో పంచదార పొట్లము ఉంచుకొమ్మంటిని. అతని భార్యకు గుర్తులు చెప్పితిని. అంతటితో ముగియలేదు. ఈ జబ్బు సంగతి తోడివారితో ఏల చెప్పలేదని యడుగగా, తెలిసినచో మరునాటినుండి పనికి పిలువరను భయమని యతడు తల వంచుకొని చెప్పెను. ఆ భయమును ఏ యంత్రమును చూపజాలదు. అతని యనుమతితో అతని మేస్త్రీని పిలిపించి, ఇది త్రాగుడు కాదని, ఎనిమిది గంటలకు రెండు చపాతీలు పెట్టించినచో ఇతడు అందరితో సమానముగా పనిచేయునని నచ్చజెప్పితిని. ఇదియు వైద్యమే యని నా నమ్మకము.

మరియొక దృష్టాంతము. డెబ్బది రెండేండ్ల పెద్దమ్మగారు పల్లెనుండి కుమారుని యింటికి వచ్చినారు. మోకాళ్ల నొప్పి, రక్తపుపోటు, మధుమేహము, నిద్రలేమి; నలుగురు వైద్యులు, దినమునకు 11 మాత్రలు. లేచి నిలుచుండినంతనే కన్నులు తిరుగుచున్నవని చెప్పిరి. ఇంటనున్న మందులన్నియు ఒకే సంచిలో వేసి తెండని కోరితిని. బల్లమీద పరచి చూడగా, నొప్పిమందు ఒకటే రెండు పేర్లతో రెండు చీటీలలో నున్నది. అట్టి నొప్పిమందులు రక్తపుపోటును పెంచును, మూత్రపిండములకు చేటుచేయును. పోటు పెరిగినదని ఒకరు పోటుమందును పెంచిరి. అది యెక్కువై, నిలుచుండునపుడు పోటు పడిపోవుచుండెను. ఎవరి చీటీ వారి మట్టునకు తప్పు గాదు. నాలుగు చీటీలును ఒక్క దేహములోనే కలిసినవి; కలిపి చూచినవారు లేరు.

పిమ్మట వారి యింటికి వెళ్లి చూచితిని. ఆరవ అంతస్తు. పగలెల్ల ఇంట మరియొక మనుష్యుడు లేడు. ఊరిలో తెల్లవారక మునుపే లేచి, వాకిలి చిమ్మి, పదిమందితో మాటలాడు అలవాటు గల యామె, ఇచ్చట మధ్యాహ్నమంతయు కునికి, రాత్రి మేలుకొనుచున్నారు. ఆ నిద్రలేమికి మాత్రయేల? నొప్పిమందులను మాన్పించి, మూత్రపిండముల పరీక్ష చేయించి, ఆయా వైద్యులతో మాటలాడి మాత్రలను ఆరింటికి దించితిమి. స్నానాల గదిలో జారకుండ చాప వేయించి, గోడకు పట్టుకొమ్మి పెట్టించితిమి. సాయంకాలము ఫిల్మ్ నగర్‌లోని దైవ సన్నిధానమునకు మనుమరాలితో నడిచిపోవలెనని చీటీమీద మందుతో సమముగా వ్రాసితిని. మోకాళ్ల నొప్పి పూర్తిగా పోలేదు. కాని కన్ను తిరుగుట పోయినది, నిద్ర వచ్చినది.

ఈ మాటలు నా యొక్కని యభిప్రాయములు కావు. 1977లో అమెరికా వైద్యాచార్యుడు జార్జి ఎంగెల్, వ్యాధిని తెలిసికొనుటకు దేహమును, మనస్సును, సంఘమును కలిపి చూడవలెనని ప్రతిపాదించెను. నార్వే దేశమున సుమారు 45 లక్షల జనుల లెక్కలను పరిశీలించి 2022లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. ఒకే వైద్యుని 15 సంవత్సరములకు పైగా ఆశ్రయించినవారిని, ఒక్క యేడే ఆశ్రయించినవారితో పోల్చగా, ఆసుపత్రిలో చేరుటయు మరణించుటయు సుమారు నాలుగవ వంతు తక్కువగా నుండెను. దీనికి ఒక్కటే కారణమని చెప్పరాదు. అయినను ఎరిగిన వైద్యునికి విలువ కలదని తేటపడుచున్నది.

నాగేశ్వరరావుగారి జీవితమును చూడుడు. వారికి 1974లో అమెరికాయందు గుండెకు శస్త్రచికిత్స జరిగినది. ఆ పిమ్మట స్టూడియోను నెలకొల్పి, దాదాపు నలువది యేండ్లు జీవించి, 2014 జనవరి 22న పరమపదించిరి. శస్త్రవైద్యుని పని కొన్ని గంటలది. ఆ పిమ్మటి యేండ్లను కాపాడునవి ఆహారము, నడక, పని, మనోధైర్యము. ఆ యేండ్లన్నిటను రోగిని కనిపెట్టియుండు వైద్యుడు ప్రతివానికిని కావలెను.

అట్టివాడు కొండమీదివారికే లభించునని తలపవలదు. హైదరాబాదు పేటలలో 2018నుండి బస్తీ దవాఖానాలు వెలసినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో కుటుంబ వైద్యుని పథకమును ప్రారంభించి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు డాక్టరు నియమిత దినములలో పల్లెకు వచ్చు పద్ధతి నేర్పరచిరి. పథకములు వచ్చును, పోవును, పేర్లు మారును. ఊరికి వచ్చు వైద్యుని నిలుపుకొనుటయు, అతడు మన యింటిని ఎరుగునట్లు చేయుటయు మన చేతిలోనివి.

అందుకు నాలుగు పనులు చేయుడు. చీటీలు, పరీక్షల కాగితములు ఇంటిలో ఒక్కచోట తేదీల వరుసను దాచుడు. ఆరు నెలల కొకసారి మందులన్నియు, నాటుమందులతో సహా, ఒకే సంచిలో వేసి ఒకే వైద్యునికి చూపుడు. మీ యంతట మీరే ఏ మందును మానవలదు. పట్టణపు ఆసుపత్రినుండి రాగానే ఆ కాగితములను మీ యూరి డాక్టరుకు చదివింపుడు. నాలుగవది కష్టమైనది: అప్పు, త్రాగుడు, దిగులు, కొడుకు కోడళ్లతో మాట పట్టింపు — వీనిని వైద్యునియొద్ద దాచవలదు.

ఒక్క హెచ్చరిక. రొమ్ములో నొప్పి పుట్టి చెమటలు పోసినను, నోరు వంకరపోయినను, ఒక కాలు చెయ్యి పడిపోయినను, ఊపిరి యందకున్నను కుటుంబ వైద్యునికై కాచియుండవలదు. వెంటనే 108కి ఫోను చేయుడు. అట్టి వేళ పెద్ద ఆసుపత్రియే శరణ్యము. నిపుణుల విద్యకు మే మందరము ఋణపడి యున్నాము.

పొలమునకు దున్నువా డొకడు, నాటువా డొకడు, కోయువా డొకడు రావచ్చును. గట్టుమీద నిలిచి పంట యంతయు చూచు కాపు ఒక్కడుండవలెను గదా. మీ దేహమునకును అట్టి కాపు నొక్కని ఇప్పుడే, ఒడలు బాగుగ నున్నప్పుడే, ఏర్పరచుకొనుడని పెద్దలను వేడుచు సెలవు తీసికొనుచున్నాను.