ఆకాశపు కప్పు – రాజ్యముల ఒడంబడిక



ఒక చెఱువు క్రింద ఎగువ ఊరివారు రెండు తరములుగ వరి పండించుకొని కలవారైరి. దిగువ ఊరివారికి కాలువ ఈ యేటనే త్రవ్వబడినది. అంతలో కట్టకు గండి పడినది. ఇరువురును సరిసమానముగ మన్ను మోయవలెనా, ఇంతకాలము అనుభవించినవారు ఎక్కువ మోయవలెనా? ఇట్టి తగవే లోకమందలి రాజ్యముల నడుమ వచ్చి, ఒకసారి చక్కగ తీఱినది. ఆ వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

భూమికి పదునైదు మొదలు ముప్పదియైదు కిలోమీటర్ల ఎత్తున ఓజోను అను వాయువు పలుచగ పరచుకొని యున్నది. ఎండలోని అతినీలలోహిత కిరణములను అది చాలవఱకు అడ్డగించును. అది తఱిగినచో చర్మమునకు రాచపుండు, కంటికి శుక్లము పెచ్చుపెరుగును; పైరులకును చేటు.

1930 ప్రాంతమున అమెరికాలో శీతల యంత్రముల కొఱకు క్లోరోఫ్లోరోకార్బను లనెడి క్రొత్త వాయువులను వాడుకలోనికి తెచ్చిరి. అంతకు పూర్వము వాడిన అమ్మోనియా మొదలైనవి విషములు. ఇవి యన్ననో విషము కావు, మండవు, దేనితోను తేలికగ కలియవు. ఆ మంచి గుణమే ముప్పు తెచ్చినది. నేలమీద నశింపనందున ఇవి మెల్లమెల్లగ పైకెక్కి, అచ్చటి తీవ్రమైన కిరణములకు విడిపోయి, క్లోరినును విడుచును. ఒక్క క్లోరిను పరమాణువు వేలకొలది ఓజోను అణువులను హరింపగలదు. ఈ సంగతిని 1974లో మొలీనా, రౌలెండు అను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. 1985లో బ్రిటిషు శాస్త్రజ్ఞులు దక్షిణ ధ్రువ ఖండమున కొలిచి చూచి, అచ్చటి వసంతకాలమున ఓజోను మూడవ వంతుకు మించి తఱిగినదని ప్రకటించిరి.

1987 సెప్టెంబరు 16వ తేదీన కెనడాలోని మాంట్రియలు నగరమున 24 దేశములును ఐరోపా ఆర్థిక సమాజమును ఒడంబడికపై వ్రాలు చేసినవి. ఈ వాయువుల వాడుకను శతాబ్ది చివరకు సగము చేయవలెనని నిర్ణయించిరి. తలకు ఏటికి 300 గ్రాముల కంటె తక్కువగ వాడు వెనుకబడిన దేశములకు పదేండ్ల గడువు నిచ్చిరి. ఒడంబడికలో చేరని దేశముతో ఈ సరకు బేరము కూడదనిరి.

గడువు మాత్రమే చాలునా? భారతదేశమును చైనాయును చేరలేదు. మనము ఫ్రిజ్జు అని పిలుచు శీతల పేటిక అప్పటికి మన పల్లెలలో కానరానిది. వాయువును విడిచినవారు ధనవంతులు. దానికి బదులుగ వాడదగిన క్రొత్త వాయువులను చేయు విద్యయు వారి కంపెనీల చేతిలోనే యున్నది. చెఱచినవారికే మరల మూల్యమిచ్చి మందు కొనుమనుట యెట్టి ధర్మము? మన ప్రభుత్వము పట్టిన ఈ పట్టు న్యాయమైనదని నా యభిప్రాయము. 1990 జూనులో లండనులో జరిగిన సభలో మన పక్షమున పర్యావరణ మంత్రిణి మేనకా గాంధీ దీనిని గట్టిగ వాదించిరి. తుదకు ధనిక దేశములు ఒక ప్రత్యేక నిధికి ఒప్పుకొనినవి. మొదటి మూడేండ్లకు 16 కోట్ల డాలర్లు. భారతమును చైనాయును చేరినచో మఱి 8 కోట్లు. 1991లో చైనా, 1992లో భారతము చేరినవి.

ఆ నిధిని పంచు సంఘపు కూర్పు మీరు గమనింపదగినది. సభ్యులు పదునలుగురు: ధనిక దేశముల తరపున ఏడుగురు, తక్కిన దేశముల తరపున ఏడుగురు. ఏకాభిప్రాయము కుదరక ఓటు పెట్టవలసి వచ్చినచో మూడింట రెండు వంతులు వచ్చిన చాలదు. ఇరుపక్షములందును వేఱువేఱుగ అధికసంఖ్య కావలయును. ప్రపంచ బ్యాంకులో ఎవరి వాటా యెక్కువయో వారి ఓటు బరువు. ఇచ్చట అట్లు కాదు. సొమ్ము తెచ్చినవాడు ఒక్కడే తీర్పు చెప్పజాలడు, తీసికొనువాడును ఒక్కడే చెప్పజాలడు.

ధనిక దేశములు 1996 నాటికి ఈ వాయువుల తయారీని ఇంచుమించు మానినవి. మన దేశము 2010 వఱకు గడువున్నను 2008లోనే మానినది. 2009 నాటికి ఐక్యరాజ్యసమితిలోని దేశము లన్నియు ఒడంబడికను అంగీకరించినవి. అంతకు మునుపు ఏ ఒడంబడికకును ఆ భాగ్యము పట్టలేదు. దొంగతనము లేకపోలేదు. మానివేసిన వాయువులలో ఒకటి మరల గాలిలోనికి వచ్చుచున్నదని 2018లో తెలిసినది. కొరియా, జపానులందలి గాలిని పరీక్షించు కేంద్రముల కొలతలవలన అందులో పెద్దభాగము తూర్పు చైనానుండి వచ్చినదని తేలినది. పిమ్మట అది తగ్గినది. ధ్రువప్రాంతములు తప్ప తక్కినచోట్ల 2040 ప్రాంతమునకును, దక్షిణ ధ్రువముపై 2066 ప్రాంతమునకును ఓజోను 1980 నాటి స్థితికి వచ్చునని శాస్త్రజ్ఞుల అంచనా. మన మనుమలు చూతురు.

బదులుగ తెచ్చిన వాయువులలో కొన్ని ఓజోనుకు హాని చేయకున్నను భూమిని వేడెక్కించుచున్నవి. వానిని తగ్గించుటకు 2016లో రువాండా దేశపు కిగాలీ నగరమున ఒప్పుకొనిరి. ధనిక దేశములు 2019లో ఆరంభించినవి. మనము 2028లో పెరుగుదలను నిలిపి, 2047 నాటికి 85 శాతము తగ్గింపవలయును.

బొగ్గు, చమురుల పొగ విషయమున మాత్రము ఇట్టి పంపకము కుదరలేదు. శీతల యంత్రములోని వాయువును మార్చుట ఒక ఎత్తు, పొయ్యి, రైలు, మిల్లు, విద్యుత్తు అన్నింటిని మార్చుట మఱొక ఎత్తు. 2015లో పారిసులో ఎవరి వంతు వారే చెప్పుకొనునట్లు నిశ్చయించిరి. బీద దేశములకు 2020 నాటికి ఏటేట పదివేల కోట్ల డాలర్లు సమకూర్తుమని ధనిక దేశములు 2009లో మాట యిచ్చినవి. ఆ మొత్తము పూర్తియైనది 2022లో. అందులోను అధికభాగము అప్పులే.