బరువు లేని కాగితం, బరువు మోసే మనిషి

బొమ్మను చూడగానే మన కళ్లు ముందు దాని ముఖం మీదికే పోతాయి. కొరియా వాళ్ల కాగితపు బొమ్మల దగ్గర ఆ అలవాటు కాస్త పక్కన పెట్టాలి. చాలావాటికి కళ్లంటే రెండు సన్నని గీతలు, ముక్కంటే చిన్న బుడిపె. అసలు పనితనమంతా నడుములోనూ మోకాళ్లలోనూ ఉంటుంది.

మల్బరీ కుటుంబానికి చెందిన తక్ అనే చెట్టు బెరడును ఉడికించి, దంచి, ఆ నారతో తీసే కాగితం హంజి. దానికి జొంజు నగరం పెట్టింది పేరు. నార పొడుగ్గా ఉంటుంది కాబట్టి గట్టి కాగితం. బొమ్మలు చేసేవాళ్లు దీన్ని కత్తెరతో కాకుండా చేత్తోనే చింపుతారు. అప్పుడు అంచున నూగులాంటి పోగులు మిగులుతాయి. జిగురు రాసి పొర మీద పొర అంటించేకొద్దీ ఆ పోగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి అతుకన్నది కనబడదు. ఒక పొర ఆరాకే ఇంకో పొర. తొందరపడితే లోపల బూజు పడుతుంది. అందుకే ఒక్క బొమ్మకే వారాలు పట్టేస్తాయి. జుట్టు, చీపురు, గడ్డిమోపు కూడా కాగితమే.

జిగే మోసే కూలీనే తీసుకోండి. జిగే అంటే మోపులు మోయడానికి వీపుకు తగిలించుకునే కర్రల చట్రం. కాగితపు మోపుకి బరువెక్కడిది? అయినా మెడ ముందుకు సాగి, మోకాళ్లు కొద్దిగా వంగి, ఊతకర్ర మీద చెయ్యి బిగిసి ఉంటే ఆ బరువు మనకు తెలిసిపోతుంది. మనిషిని నిటారుగా నిలబెట్టి వీపున కట్టెలు అంటిస్తే, బట్టలు ఎంత ముచ్చటగా ఉన్నా అది ఉత్త అలంకారం.

బియ్యం పేల్చే బండివాడు మరో చిక్కు. ఇనప గుండిగను నిప్పు మీద తిప్పి తిప్పి మూత తీస్తే ఫిరంగి పేలినట్టు చప్పుడు. చప్పుడును కాగితంతో చేయలేరు గదా! చుట్టూ చెవులు మూసుకుని భుజాలు ముడుచుకున్న పిల్లల్ని పెడతారు.

జర్మనీలో స్థిరపడిన కిమ్ యంగ్‌హీ ఈ కళలో పేరున్న శిల్పి. ఆమె దారిలో నడిచిన కొందరు మాత్రం పాత రోజుల పేదరికాన్ని బూరెబుగ్గలతో మరీ ముద్దు చేసేస్తారు; నాకు అంత రుచించదు.

ఎక్కడైనా ప్రదర్శనలో ఈ బొమ్మలు కనిపిస్తే ఒకసారి వెనకవైపుకి వెళ్లి చూడండి. వీపు చూసినా ఆ మనిషి ఏం పని చేస్తున్నాడో తెలిసిందా, అది మంచి బొమ్మ.